పీడీఈ-4ను ఆపితే కబురు పెరగాలి కదా, మరి వాపు ఎలా తగ్గుతుంది?

కపిలతీర్థం_జల్లు
ఆదివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. అడిగేది సగం పాఠం గురించి, సగం మా అమ్మ గురించి.

అమ్మకు ఎనిమిదేళ్లుగా సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, తల. ఇంట్లో మిషన్ కుడుతుంది. జాకెట్ గుడ్డ ఇవ్వడానికి వచ్చి, ఆ చేతులు చూసి, మళ్లీ వస్తామని గుడ్డతో సహా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. అంటుకునే జబ్బు కాదని ఎంతమందికని చెప్తాం. పూత మందులు అయ్యాయి, మెథోట్రెక్సేట్ కొన్నాళ్లు వాడింది, లివర్ పరీక్షలు బాగాలేవని ఆపేశారు. పోయిన వారం చర్మం డాక్టరుగారు అప్రెమిలాస్ట్ రాశారు. మొదటి రోజు 10 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకింత పెంచుకుంటూ ఆరో రోజు నుంచి పొద్దున 30, రాత్రి 30.

డబ్బాలో కాగితం చదివితే ‘ఫాస్ఫోడైఎస్టరేజ్-4 (పీడీఈ-4) నిరోధకం’ అని ఉంది, అంటే ఆ ఎంజైమును ఆపే మందు. అక్కడ ఆగిపోయాను. మాకు చెప్పిన పాఠం ఇది: హార్మోన్ వచ్చి కణం తలుపు తడుతుంది, లోపల అడినైలైల్ సైక్లేజ్ ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీని తయారుచేస్తుంది, అది కబురు మోస్తుంది, పనయ్యాక ఫాస్ఫోడైఎస్టరేజ్ దాన్ని విరిచి మామూలు ఏఎంపీ చేసేస్తుంది. అంటే కబురును చెరిపేది ఫాస్ఫోడైఎస్టరేజ్. చెరిపేదాన్నే ఆపితే కబురు ఇంకా పెరగాలి. సోరియాసిస్‌లో రోగనిరోధక కణాలు ముందే రెచ్చిపోయి ఉంటాయి అంటారు. వాటిలో కబురు పెంచితే జబ్బు ముదరాలి కదా?

ఇంకొకటి. మూడు రోజులుగా అమ్మకు విరేచనాలు, వికారం. మాత్ర వల్లేనా? మానేయాలా?

బైరాగిపట్టెడ మందులషాపు
ఆదివారం, రాత్రి 10:05

చెల్లెమ్మా, ముందు అమ్మ సంగతి. మీ అంతట మీరు మానేయొద్దు, రేపు పొద్దున్నే రాసిన డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. ఈ మాత్ర మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి మొదటి రెండు వారాల్లో కడుపు తిప్పడం, విరేచనాలు ఉంటాయి. ఎక్కువమందికి నెల లోపల సర్దుకుంటుంది. చిన్న మాత్రతో మొదలుపెట్టి పెంచమనేది కడుపు అలవాటు పడడానికే. ఓఆర్ఎస్, ఉప్పేసిన గంజి, పలచటి మజ్జిగ ఇస్తూ ఉండండి. నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, కళ్లు తిరిగి పడిపోతున్నా ఫోన్ల కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

రెండు ప్రశ్నలు. అమ్మ టీబీ మందులేమైనా వాడుతున్నారా? రిఫాంపిసిన్ ఉంటే లివర్ ఈ మాత్రను తొందరగా ఖర్చు చేసేస్తుంది, వేసుకున్నా వేసుకోనట్టే. కిడ్నీ ఇబ్బంది ఉందా? బాగా దెబ్బతిన్న కిడ్నీ అయితే డోసు సగం చేస్తారు.

కపిలతీర్థం_జల్లు
ఆదివారం, రాత్రి 10:11

రెండూ లేవన్నా. రేపు పొద్దున ఫోన్ చేస్తాను.

చిత్తూరు పెద్దాయన
సోమవారం, ఉదయం 5:30

పాపా, నాది చిత్తూరు పక్క పల్లె. ముప్పై ఏండ్లు గ్రానైట్ కోసే తావ పని చేసినా. ఆ దుమ్ము, దానికి తోడు బీడీలు. ఇప్పుడు సీఓపీడీ అంటాండారు, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బంట. ఊదుడు పరీక్షలో ఉండాల్సిన దాంట్లో సగం గూడా రావడంలే. ఏడాదికి రెండు మూడు తూర్లు ఆయాసం ముదిరి ఆస్పత్రిలో పడతాంటే, పీల్చే మందులకు తోడు రోఫ్లుమిలాస్ట్ అనే మాత్ర రాసినారు. అదీ ఈ పీడీఈ-4 మందేనంట. మొదట నెల 250 మైక్రోగ్రాములు, ఆ తర్వాత 500.

నాకూ మీ అమ్మ మాదిరే అయింది. మూడు వారాలకు నిలబడింది. కానీ బరువు తగ్గినా. 58 కిలోలు ఉండేవాణ్ణి, ఆరు నెలల్లో 55కు వచ్చినా. ఇట్లా తగ్గొచ్చని మాకు ఎవురూ ముందుగా చెప్పలే. గొంతులోనో ఊపిరితిత్తుల్లోనో క్యాన్సరొచ్చిందని ఇంట్లో ఆడోళ్లు ఏడ్చినారు. స్కానింగులకు పదివేలు అయినాక తెలిసింది మాత్ర పనే అని. మీ అమ్మను ఇయ్యాలే తూకం వేసి కాగితం మీద రాసిపెట్టు. నెలకొక తూరి అదే తూకం మీద ఎక్కించు.

ఎస్వీయూ పాత మాస్టరు
సోమవారం, ఉదయం 7:20

కపిలతీర్థం గారూ, మీది మంచి చిక్కు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇలా ఎదురు ప్రశ్న వేసిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చాలామంది బాణం గుర్తులు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కేస్తారు.

మిమ్మల్ని దారి తప్పించింది ‘కబురు’ అనే మాటే. కబురు పెరగడమంటే కణం రెచ్చిపోవడం అనుకున్నారు. సైక్లిక్ ఏఎంపీకి తనదంటూ ఒక అర్థం లేదు. గుండె కండరంలో పెరిగితే గుండె గట్టిగా కొట్టుకుంటుంది. శ్వాసనాళం చుట్టూ ఉండే కండరంలో పెరిగితే ఆ కండరం వదులవుతుంది. పేగు గోడలో పెరిగితే ఉప్పూ నీళ్లూ పేగులోకి కారతాయి. తెల్లరక్తకణంలో పెరిగితే ఆ కణం చల్లబడుతుంది. గంట ఒకటే. బడిలో మోగితే పిల్లలు లేచి పరిగెడతారు, గుడిలో మోగితే కళ్లు మూసుకుని నిలబడతారు.

తెల్లకణంలో జరిగేది కొంచెం వివరంగా చెప్తాను. సైక్లిక్ ఏఎంపీ పెరిగితే ప్రొటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్ మేలుకుంటుంది. అది క్రెబ్ అనే ప్రొటీనుకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఎన్ఎఫ్ కప్పా బీ అనేది వాపు పుట్టించే జన్యువులను లేపే ప్రొటీను. దాని జోరు తగ్గుతుంది. ఫలితంగా టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-17, 23 లాంటి మంట పెట్టే కబుర్లు తక్కువగా బయటికి వెళ్తాయి. చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది. మీ అమ్మగారి మాత్ర చేసే పని ఇదే.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యమైన సంగతి వేరే ఉంది. బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం తగిలిన తెల్లకణం పీడీఈ-4బీ అనే రకాన్ని కొత్తగా బోలెడు తయారుచేసుకుంటుంది. అంటే పోరుకు దిగే ముందు తనను పట్టి ఉంచే సైక్లిక్ ఏఎంపీని తానే ఖర్చు పెట్టేసుకుంటుంది. ఆ 4బీ జన్యువు లేని ఎలుకల్లో ఎల్‌పీఎస్ ఇచ్చినా టీఎన్ఎఫ్ బాగా తక్కువగా వచ్చింది. ఫాస్ఫోడైఎస్టరేజ్ పనయ్యాక పలక తుడిచే పనిమనిషి కాదమ్మా. ఎప్పుడు తుడవాలో, ఎంత తుడవాలో అన్నదే కణం తీసుకునే నిర్ణయం.

ఇక లెక్క. మన చిత్తూరు చెరువుల సీమ కదా, చెరువుతోనే చెప్తాను. వాగు నుంచి నీళ్లు వస్తాయి, అది సైక్లేజ్. తూము గుండా పోతాయి, అది ఫాస్ఫోడైఎస్టరేజ్. చెరువులో మట్టం సైక్లిక్ ఏఎంపీ. మట్టం పెంచాలంటే వాగుకు వరద రావాలి, లేదంటే తూము మూయాలి. ఆస్తమాకు పీల్చే సాల్బుటమాల్ వాగు పెంచే మందు. అప్రెమిలాస్ట్, రోఫ్లుమిలాస్ట్ తూము మూసే మందులు. వాగు పూర్తిగా ఎండితే తూము మూసినా మట్టం పెరగదు. అందుకే ఇవి ఉన్న కబురును నిలబెట్టగలవు కానీ లేని కబురును పుట్టించలేవు.

ఈ కథ మొదలైంది కాలేయం ముద్దతో. ఎర్ల్ సదర్లాండ్, ఆయన తోటివాళ్లు 1950లలో అడ్రినలిన్ కాలేయంలో చక్కెరను ఎలా విడిపిస్తుందో వెతుకుతూ, కణపొరల నుంచి వచ్చే ఒక చిన్న పదార్థాన్ని పట్టుకున్నారు. మరిగించినా చెడదు, కాబట్టి అది ప్రొటీను కాదు. అదే సైక్లిక్ ఏఎంపీ. 1971లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాన్ని విరిచే ఎంజైమును కూడా ఆయన ప్రయోగశాలే 1962లో వివరించింది. కాఫీ, టీల్లో ఉండే పదార్థాలు ఆ ఎంజైమును అడ్డుకుంటాయని చూపింది.

రేణిగుంట జంక్షన్
సోమవారం, ఉదయం 8:02

మాస్టారూ, అయితే రెండు పూటలా గట్టి ఫిల్టర్ కాఫీ తాగితే సరిపోదా? మా తాత ఆయాసం వస్తే డికాషన్ తాగేవాడు. కొంచెం తేరుకునేవాడు కూడా, నా కళ్లతో చూశాను.

ఊపిరి_పీజీ
సోమవారం, మధ్యాహ్నం 2:48

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తొందరగా చెప్పేస్తా.

మీ తాతగారు తేరుకున్న మాట నిజమే. 1860లోనే హెన్రీ హైడ్ సాల్టర్ అనే ఇంగ్లండు డాక్టరు ఆస్తమాకు గట్టి కాఫీ మేలని రాశాడు. ఇప్పుడు కూడా ఊదుడు పరీక్షకు ముందు కాఫీ తాగొద్దని చెప్తాం, తాగితే నాళాలు కాస్త తెరుచుకుని లెక్క తప్పుతుంది. కానీ మనం తాగే మోతాదులో కెఫీన్ ముఖ్యంగా చేసేది, అడినోసిన్ అనే వేరే కబురు వచ్చి తగిలే గ్రాహకాలను మూయడం. ఫాస్ఫోడైఎస్టరేజ్‌ను గట్టిగా ఆపాలంటే రక్తంలో దానికి ఎన్నో రెట్లు ఉండాలి, అంత తాగితే మనిషి దక్కడు. కాబట్టి కాఫీ సోరియాసిస్‌కూ మందు కాదు, సీఓపీడీకీ మందు కాదు.

కెఫీన్‌కు అన్నదమ్ముడు థియోఫిలిన్. ఒక మిథైల్ గుంపు తక్కువ, అంతే తేడా. 1888లో కోసెల్ టీ ఆకు నుంచి తీశాడు. ఆయాసానికి దశాబ్దాలుగా వాడుతున్నాం. అది పీడీఈ అన్ని రకాలనూ కొద్దికొద్దిగా తాకుతుంది, అడినోసిన్‌నూ తాకుతుంది. దాని మీద నాకు భయం ఉంది. మేలు చేసే మోతాదుకూ చెరుపు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే వాంతులు, గుండె దడ, ఇంకా పెరిగితే ఫిట్సు. పొగ తాగేవాళ్లలో తొందరగా ఖర్చవుతుంది, పొగ మానేసిన వారంలో అదే డోసు ఎక్కువైపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ తోడైతే లివర్ దాన్ని వదిలించుకోలేదు.

చిత్తూరు పెద్దాయన
సోమవారం, సాయంత్రం 6:10

నాకు జరిగింది అదే బిడ్డా. నాలుగేండ్ల కింద ఆయాసం మాత్ర వేసుకుంటా ఉండా. మూత్రంలో మంటని ఒక చోట చూపించుకుంటే సిప్రో ఇచ్చినారు. ముందు ఏం వాడతాండావని వాళ్లు అడగలే, చెప్పాలని నాకు తెల్లే. రెండో రోజు రాత్రి గుండె ఎగిరి బయట పడేటట్టు కొట్టుకునింది, చేతులు వణుకు, ఒకటే వాంతులు. మా అబ్బోడు బండి మీద మధ్యలో కూచోబెట్టుకుని తీసుకుపోయినాడు. ఇప్పుడు జేబులో చీటీ పెట్టుకుని తిరుగుతాండా, నా మందులన్నీ రాసి. ఎవురు మందిచ్చినా ముందు ఆ చీటీ చూపిస్తా.

బైరాగిపట్టెడ మందులషాపు
సోమవారం, సాయంత్రం 6:31

పెద్దాయనా, మీ చీటీ మాట నా షాపులో గోడ మీద రాసి పెడతాను.

కపిలతీర్థం_జల్లు
సోమవారం, రాత్రి 9:15

డాక్టరుగారు మాత్ర కొనసాగించమన్నారు, తిన్న తర్వాత వేయమన్నారు, శుక్రవారం చూపించమన్నారు. అమ్మ బరువు 61 కిలోలు, క్యాలెండర్ మీద రాశాను పెద్దాయనా.

మాస్టారూ, గంట ఉదాహరణతో సగం విడిపోయింది. ఇంకో రెండు సందేహాలు. డీఎన్ఏలో కూడా ఫాస్ఫోడైఎస్టర్ బంధాలే కదా, ఈ ఎంజైమ్ మన డీఎన్ఏను కోసేయదా? రెండోది, సైక్లిక్ ఏఎంపీ ఒకటే అయినప్పుడు, మాత్ర ఒళ్లంతా తిరుగుతున్నప్పుడు, తెల్లకణాల్లో మాత్రమే ఎలా పనిచేస్తుంది?

ఎస్వీయూ పాత మాస్టరు
సోమవారం, రాత్రి 10:02

మొదటిది తొందరగా అయిపోతుంది. సైక్లిక్ ఏఎంపీలో ఒకే ఫాస్ఫేటు అదే చక్కెర 3వ, 5వ కార్బన్లకు రెండు చేతులూ ఇచ్చి ఉంగరం కట్టుకుని ఉంటుంది. మన ఎంజైమ్ ఆ ఉంగరంలో 3 వైపు చేయి విడదీస్తుంది. దాని గుంతలో పొడవాటి డీఎన్ఏ దారం పట్టదు. దారాన్ని కొస నుంచి కోసే ఫాస్ఫోడైఎస్టరేజ్‌లు వేరే ఉన్నాయి. పాము విషంలో ఉండేది అలాంటిదే, ప్రయోగశాలల్లో న్యూక్లియిక్ ఆమ్లాలను కొస నుంచి ఒక్కొక్కటిగా విడదీయడానికి వాడేవాళ్లం. ఇంటిపేరు ఒకటే, వృత్తులు వేరు.

రెండోదానికి జవాబు కొంచెం పెద్దది. మనిషిలో ఈ ఎంజైములు 11 కుటుంబాలు, 21 జన్యువులు. ఒక్కో జన్యువు నుంచి రకరకాల రూపాలు వచ్చి మొత్తం వంద దాకా అవుతాయి. 4, 7, 8 కుటుంబాలు సైక్లిక్ ఏఎంపీనే విరుస్తాయి. 5, 6, 9 దాని చెల్లెలు సైక్లిక్ జీఎంపీని. మిగతావి రెంటినీ. ఏ కణంలో ఏ కుటుంబం ఎక్కువో దాన్నిబట్టి మందు. తెల్లకణాల్లో 4ది పెత్తనం. గుండెలో, ప్లేట్‌లెట్లలో 3. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో 5. కంటి రెటీనాలో 6, మనకు చూపు అందేదే దానివల్ల. వెలుగు పడగానే అది సైక్లిక్ జీఎంపీని విరిచేస్తుంది, దాంతో ఆ కణంలో విద్యుత్తు మారి మెదడుకు తెలుస్తుంది. ఆ 6వ కుటుంబపు జన్యువులో లోపంతో పుట్టినవాళ్లకు రేచీకటితో మొదలై చూపు కుంచించుకుపోతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే జబ్బు బయటపడుతుంది, అందుకే మేనరికాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మా బంధువుల్లోనే ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు రేచీకటి. వాళ్ల ఇంట్లో లోపం ఏ జన్యువులో ఉందో పరీక్ష చేయించలేదు, కానీ ఈ పాఠం చెప్పినప్పుడల్లా వాళ్లే గుర్తొచ్చేవాళ్లు.

ఊపిరి_పీజీ
సోమవారం, రాత్రి 11:40

మాస్టారు చెప్పినదానికి ఒక మెలిక కలపాలి. ఒక కుటుంబం ఒకే చోట ఉండదు. పీడీఈ-4 తెల్లకణాల్లోనే కాదు, మెదడు కింది భాగంలో వాంతిని పుట్టించే కేంద్రంలోనూ ఉంది, పేగులోనూ ఉంది. వికారం, విరేచనాలు మందుకు అడ్డదారిలో వచ్చినవి కావు. మందు చేసే పనే వేరే చోట జరిగితే వచ్చే ఫలితం. కలరా గుర్తుచేసుకోండి. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కలరా విషాన్ని చూపించారు. ఆ విషం పేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీని పట్టపగ్గాల్లేకుండా పెంచుతుందని తర్వాత తేలింది. అది వరద. అమ్మగారి మాత్ర వల్ల జరిగేది ఆ దారిలోనే సన్నటి కాలువ అనుకోండి.

రోలిప్రామ్ అనే పాత పీడీఈ-4 మందు డిప్రెషన్‌కు పనికొస్తుందని పరీక్షించారు. వాంతుల దెబ్బకే వదిలేశారు. ఆ వాంతులు 4డీ అనే రకాన్ని ఆపడంవల్ల అని ఎలా పట్టుకున్నారో తెలుసా? ఎలుకలు వాంతి చేసుకోలేవు, వాటికి ఆ ఏర్పాటే లేదు. కానీ వాంతి పుట్టించే నాడుల దారీ, ఒక రకం మత్తుమందు నుంచి లేచే దారీ ఒకటే. పీడీఈ-4 మందు ఇస్తే ఎలుకలు మత్తు నుంచి తొందరగా లేస్తాయి. 4డీ జన్యువు లేని ఎలుకలు మందు ఇవ్వకుండానే తొందరగా లేచాయి, 4బీ లేనివి లేవలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అంటే 4బీని ఆపితే వాపు తగ్గాలి, 4డీని వదిలేస్తే వాంతి తగ్గాలి. ఆ దారిలో వచ్చిందే నెరాండోమిలాస్ట్, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఫైబ్రోసిస్‌కు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాంట్లో కూడా ఎక్కువగా కనబడే ఇబ్బంది విరేచనాలే, పేగు ఇంకా మనకు లొంగలేదు. ఇంకో ఉపాయం, ఒళ్లంతా తిరగకుండా చోటికే పంపడం. చర్మానికి క్రిసాబొరోల్ పూత 2016లో, రోఫ్లుమిలాస్ట్ క్రీము 2022లో, ఊపిరితిత్తుల్లోకి నెబ్యులైజర్‌తో పీల్చే ఎన్సిఫెంట్రిన్ 2024లో వచ్చాయి. ఎన్సిఫెంట్రిన్ 3నూ 4నూ కలిపి ఆపుతుంది, నాళం వదులు చేస్తుంది, వాపునూ తగ్గిస్తుంది.

పెద్దాయనా, మీ రోఫ్లుమిలాస్ట్ అలా కాదు. అది అప్పటికప్పుడు ఆయాసం తగ్గించే మాత్ర కాదు. ముదిరి ఆస్పత్రిలో పడే సార్లను తగ్గించడానికి. ఊపిరి అందనప్పుడు రెండో మాత్ర వేసుకోవద్దు, మందు పీల్చే పంపునే వాడండి. బరువు సంగతి మీకు ముందే చెప్పాల్సింది. పెద్ద పరీక్షల్లో సగటున 2 కిలోలు తగ్గారు. ఇంకొకటి కూడా చెప్పాలి, ఈ రెండు మాత్రల్లోనూ కొందరికి నిద్ర పట్టకపోవడం, మనసు దిగాలైపోవడం ఉంటుంది. అమ్మగారిని అడుగుతూ ఉండండి, మన ఇళ్లలో ఆడవాళ్లు తమంతట తాము చెప్పరు.

తిరుచానూరు అక్క
మంగళవారం, ఉదయం 11:05

నాకు సోరియాసిస్‌తో పాటు వేళ్ల కీళ్లు కూడా పట్టేసేవి. పప్పు రుబ్బడం, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం కూడా కష్టమైపోయింది. అప్రెమిలాస్ట్ మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. మొదటి నెల కడుపు గోల నాకూ ఉంది. వాపు పోయింది, మచ్చలు పూర్తిగా పోలేదు, మోచేతుల మీద పలచగా ఉన్నాయి. చెల్లీ, ఒక్క వారంలో చర్మం నున్నగా అవుతుందని అమ్మను ఆశ పెట్టుకోనివ్వకు. నాకు తేడా తెలిసేసరికి మూడు నెలలు దాటింది.

ఊపిరి_పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 1:30

అక్క చెప్పింది అక్షరాలా నిజం. పెద్ద పరీక్షలో 16 వారాలకు అప్రెమిలాస్ట్ వేసుకున్నవాళ్లలో 33 శాతం మందికి జబ్బు నాలుగింట మూడు వంతులు తగ్గింది. మందులేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 5 శాతం. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఇంతకంటే బలంగా పనిచేస్తాయి. కానీ అవి మొదలుపెట్టే ముందు లోపల దాగిన టీబీ ఉందేమో చూడాలి, మన దేశంలో అది చిన్న విషయం కాదు. ఇంజెక్షను టీఎన్ఎఫ్‌ను మొత్తంగా పట్టేస్తుంది. ఈ మాత్ర కణం లోపల మట్టం మార్చి, తీవ్రత తగ్గిస్తుంది. బలం తక్కువ, జాగ్రత్తలూ తక్కువ.

పుత్తూరు దారి
మంగళవారం, సాయంత్రం 4:50

ఇంత విషం ఎందుకమ్మా. విరేచనాలు, బరువు తగ్గడం, దిగులు, ఇన్ని ఉంటే దాన్ని మందు అంటారా. మా వైపు పసరు ఇస్తారు, పథ్యం చేస్తే ఎట్లాంటి చర్మం జబ్బయినా పోతుంది. అడ్డసరం కషాయంతో ఆయాసాలు కూడా పోతాయి. మాత్రలు ఆపి నలభై రోజులు చూడండి.

ఎస్వీయూ పాత మాస్టరు
మంగళవారం, సాయంత్రం 6:15

పుత్తూరు వారికి నమస్కారం. అడ్డసరం మీద నాకు గౌరవం ఉంది. దాంట్లోని వాసిసిన్‌ను చూసే, దాన్ని మార్చి బ్రోమ్‌హెక్సిన్ చేశారు, ఇవాళ దగ్గు సిరప్పుల్లో కఫం పలచన చేసేది అదే. మొక్కలో మందు ఉందంటే మీతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా మోతాదు గురించి. పసరులో ఏది ఎంత ఉందో చెప్పగలిగినవాళ్లు లేరు. ఈ అమ్మాయి తల్లికి ఇదివరకే లివర్ పరీక్షలు తేడాగా వచ్చాయి. ఏముందో తెలియని పసరు ఆ లివర్ మీద వేయడానికి నేను ఒప్పుకోను. విరేచనాల గురించి పైన ఇంత చర్చ జరిగింది కదా, అది మందు దాచిపెట్టిన విషం కాదు. ఎక్కడ, ఎందుకు, ఎన్నాళ్లు అని చెప్పగలిగిన ఇబ్బంది. చెప్పగలిగింది కాబట్టే కనిపెట్టుకుని ఉండొచ్చు.

బైరాగిపట్టెడ మందులషాపు
మంగళవారం, రాత్రి 8:40

పీడీఈ-5 మాట వచ్చింది కాబట్టి నా గుండెలో ఉన్న మాట చెప్పుకోవాలి. పోయిన ఏడాది ఒక తల్లి మా షాపుకు వచ్చింది. రెండేళ్ల బిడ్డకు పుట్టుకతో గుండెలో రంధ్రం, ఊపిరితిత్తుల్లో బీపీ ఎక్కువ. చీటీలో సిల్డెనాఫిల్, చిన్న డోసు. అంతకుముందు వెళ్లిన షాపులో కౌంటరు దగ్గర ఇద్దరు ఆ పేరు చూసి ముసిముసిగా నవ్వారంట. ఏం మందో ఏమో, డాక్టరు తప్పు రాశాడేమో అని ఆమె రెండు రోజులు బిడ్డకు వేయలేదు. చెప్తూ ఏడ్చింది.

నేను ఆమెను కూర్చోబెట్టి చెప్పాను. అమ్మా, ఈ మందు మొదట గుండెనొప్పికని పరీక్షించారు, 1998లో మగవాళ్ల ఇబ్బందికి వచ్చింది, 2005 నుంచి ఊపిరితిత్తుల బీపీకి కూడా వాడుతున్నారు. బిడ్డ ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుని ఉన్నాయి, ఇది వాటిని వదులు చేస్తుంది. ఇప్పుడు ప్రతి నెలా మా దగ్గరికే వస్తుంది, బిడ్డ నడుస్తోంది.

మాస్టారూ, ఇదే మందును గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రతో కలపకూడదని మాకు గట్టిగా నేర్పారు. దాన్ని మీ చెరువుతో చెప్పగలరా? షాపులో చెప్పుకోవడానికి.

ఎస్వీయూ పాత మాస్టరు
మంగళవారం, రాత్రి 9:05

నైట్రేట్ వాగుకు వరద తెస్తుంది, సైక్లిక్ జీఎంపీని పెంచుతుంది. సిల్డెనాఫిల్ తూము మూస్తుంది. రెండూ ఒక్కసారి చేస్తే కట్ట తెగుతుంది. ఒంట్లో నాళాలన్నీ ఒక్కసారి వదులైపోయి బీపీ పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. అడగడానికి సిగ్గుపడతారు, చెప్పడానికి సిగ్గుపడతారు, మీరే చాటుకు పిలిచి అడగండి.

కపిలతీర్థం_జల్లు
గురువారం, రాత్రి 10:20

మాస్టారూ, చెరువు నాకు బాగా పట్టింది, కానీ ఒక చోట గుచ్చుకుంటోంది. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 కూడా తన గ్రాహకాల ద్వారా సైక్లిక్ ఏఎంపీనే పెంచుతుంది. అది నొప్పినీ జ్వరాన్నీ పుట్టించేది, దాన్ని ఆపడానికే కదా బ్రూఫెన్ వేసుకుంటాం. సైక్లిక్ ఏఎంపీ చల్లబరిచేదైతే ప్రోస్టాగ్లాండిన్ మంట ఎలా పెడుతుంది?

ఎస్వీయూ పాత మాస్టరు
శుక్రవారం, ఉదయం 6:50

రాత్రి మీ ప్రశ్న చదివి పొద్దున లేచి రాస్తున్నాను. మీరు అన్నది సరైనదే. మొదట నేను ‘తెల్లకణం చల్లబడుతుంది’ అని వదిలేశాను, అక్కడే హద్దు గీయాల్సింది. ప్రోస్టాగ్లాండిన్ ఈ2 నొప్పి నాడి కొసలో సైక్లిక్ ఏఎంపీ పెంచితే ఆ నాడి చిన్న తాకిడికే అరుస్తుంది. అదే పదార్థం పక్కనే ఉన్న తెల్లకణంలో సైక్లిక్ ఏఎంపీ పెంచితే అది టీఎన్ఎఫ్ తగ్గించుకుంటుంది. వాపు వచ్చిన ఒకే చోట, ఒకే సమయంలో, రెండూ జరుగుతాయి. వాపు అంటే ఒక కణం చేసే పని కాదు, పది రకాల కణాలు కలిసి చేసేది. అందుకే సైక్లిక్ ఏఎంపీ వాపును తగ్గిస్తుందనే మాటను పరీక్షలో కూడా అలా విడిగా రాయొద్దు. ఏ కణంలో అన్నది రాయండి.

ఒక్క కణం లోపల కూడా ఇదే సంగతి. చెరువులో మట్టం అంతటా ఒకటే ఉంటుంది, కణంలో ఉండదు. నా ఉదాహరణ కుంటుపడేది ఇక్కడ. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సు గుర్తుచేసుకోండి. కొండ మీద జనం ఎంతమంది అన్నది ఒక లెక్క, ఏ కంపార్ట్‌మెంటులో ఎంతమంది అన్నది వేరే లెక్క. ఒకటి కిక్కిరిసి ఉంటుంది, పక్కది తలుపు తీసి ఖాళీగా ఉంటుంది. దర్శనం ఎప్పుడన్నది మీరున్న కంపార్ట్‌మెంటు తలుపును బట్టి. కణంలో ఏకాప్‌లు అనే ప్రొటీన్లు ప్రొటీన్ కైనేజ్ ఏనూ, పీడీఈనూ ఒకే చోట కట్టిపడేస్తాయి. ఆ పీడీఈ తన గడప దగ్గరికి వచ్చిన సైక్లిక్ ఏఎంపీని విరిచేస్తూ, పక్క గదిలోని కబురు ఈ గదిలోకి పొర్లకుండా చూస్తుంది. గుండె కణంలో రెండు వేర్వేరు హార్మోన్లు సైక్లిక్ ఏఎంపీని ఒకే మాదిరి పెంచినా పనులు వేరుగా జరగడం 1980ల మొదట్లోనే కనిపించింది. మేము చదువుకున్న రోజుల్లో కణాన్ని సంచిలో నీళ్లలా గీసేవాళ్లం.

మాత్ర ఈ తలుపులన్నిటినీ ఒకేసారి మూస్తుంది, ఏ గది తలుపో ఎంచుకోలేదు. ఒక ఏకాప్ దగ్గర కట్టి ఉన్న పీడీఈ ఒక్కదాన్నే విడదీసే మందు ఎవరైనా చేయగలిగితే, అప్పుడు అమ్మగారిలాంటి వాళ్లకు కడుపు జోలికి పోని వైద్యం దొరుకుతుంది. మీ బ్యాచ్‌లో ఎవరికైనా పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఈ తలుపు దగ్గర నిలబడమనండి.

కపిలతీర్థం_జల్లు
శుక్రవారం, రాత్రి 8:30

ఈ జవాబును నోటుపుస్తకంలో చేత్తో రాసుకున్నాను మాస్టారూ.

ఇవాళ డాక్టరుగారికి చూపించాం. విరేచనాలు రోజుకు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. మాత్ర ఇదే డోసులో కొనసాగించమన్నారు. దిగులుగా ఉంటోందా అని ఆయన అడిగితే, అమ్మ ‘ఈ చేతులతో ఎనిమిదేళ్ల నుంచి దిగులే కదయ్యా, ఇది కొత్తదో పాతదో ఎట్లా చెప్పేది’ అంది. ఆయన కలం కింద పెట్టేసి కాసేపు ఆమెతో మాట్లాడారు. అప్పటిదాకా నేనెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

చిత్తూరు పెద్దాయన
శనివారం, ఉదయం 5:15

బిడ్డా, మూడు నెలలు ఓపిక పట్టమని అక్క చెప్పింది గదా, పట్టండి. తూకం మరవద్దు. నేను నిన్న ఎక్కినా, 55న్నర. మా ఇంటామె జొన్న సంగటిలోకి నెయ్యి ఎక్కువేస్తాండాది.

కపిలతీర్థం_జల్లు
మూడు నెలల తర్వాత, ఆదివారం, రాత్రి 9:10

ఈ చర్చ కిందికి పోయింది, వెతుక్కుని వచ్చాను. అమ్మ బరువు 59న్నర. తల మీద పొలుసు తగ్గింది. మోకాళ్ల మీద ఇంకా ఉంది. మోచేతుల దగ్గర ఎర్రదనం పోయి తెల్లటి నీడలా మిగిలింది. నిన్న పక్కవీధి ఆమె పెళ్లి జాకెట్లకు ఆరు గుడ్డలు ఇచ్చి వెళ్లింది. అమ్మ పొట్టి చేతుల జాకెట్ వేసుకుని కొలతలు తీసుకుంది.

మాస్టారూ, సెమినార్‌కు ఏకాప్‌లనే తీసుకున్నాను. 4డీ ఏ ఏకాప్ దగ్గర ఉంటుందన్న దగ్గర ఆగిపోయాను. వచ్చే ఆదివారం మీకు వీలైతే నోటుపుస్తకం పట్టుకుని వస్తాను.

ఎస్వీయూ పాత మాస్టరు
ఆదివారం, రాత్రి 9:34

పది గంటలకు రండి. అమ్మగారిని కూడా తీసుకురండి.